సరెండర్ చేసిన బరువు

వీరవేణి బరువు ప్రభుత్వం వారి దృష్టికి వచ్చింది ఒక సోమవారం ఉదయం. అప్పటిదాకా అది ఆవిడ సొంత విషయంగానే ఉండేది.

ఆవిడ ప్రామాణిక తూకాల మండలి జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు. గోదావరి పక్కనున్న ఆ ఊళ్లో కిరాణా కొట్ల త్రాసులూ, బంగారం కొట్ల కాటాలూ, రైసు మిల్లుల్లో లారీలు తూచే వేబ్రిడ్జిలూ సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆ ఆఫీసు పని. ఆ ముద్ర లేని త్రాసు మీద వంకాయలు తూచినా నేరమే. అలాంటి చోట పాతికేళ్లుగా పనిచేస్తున్నా, వీరవేణి తాను మాత్రం ఏ త్రాసు మీదా నిలబడిన పాపాన పోలేదు. అక్కర్లేకపోయింది కూడా. బళ్లో చదివేటప్పుడు పిల్లలు ‘డ్రమ్ము’ అని పిలిచి ఆవిడ కొలత ఆవిడకి చెప్పేశారు. పెళ్లయ్యాక భర్త తాతాజీ నోటితో ఏమీ అనలేదు గానీ, స్కూటరు వెనక టైరులో గాలి మాత్రం కాస్త ఎక్కువ కొట్టించేవాడు.

అలాగని ఆవిడ ఊరికే కూర్చోలేదు. నిమ్మరసంలో తేనె తాగింది. పరగడుపున మెంతులు మింగింది. రాత్రి అన్నం మానేసింది, తర్వాత పగలు అన్నం మానేసింది. ఓ వేసవంతా ఉడికించిన కాకరకాయల మీద బతికింది. తగ్గినప్పుడల్లా ఊరంతా మెచ్చుకునేది. కొన్నాళ్లకి ఆ పోయిన బరువు పోయిన దారినే వెనక్కొచ్చేది, వస్తూ వస్తూ ఇంకో రెండు కిలోల చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చేది. అప్పుడు ఊరంతా ‘నోరు కట్టుకోలేకపోయింది’ అనేది. అందరూ అనగా అనగా ఆవిడ కూడా అదే నమ్మింది.

ఆ సోమవారం మండలి సంచాలకులు హయగ్రీవరావు గారు సిబ్బందినంతా మీటింగు హాల్లోకి పిలిచారు. ఆయన అంతకుముందు వారమే ఏదో కొండ మీద చల్లటి చోట ‘ఆరోగ్యకర పరిపాలన’ అనే శిక్షణ పొంది వచ్చారు. శిక్షణ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన కళ్లలో ఒక వెలుగు ఉంటుంది. ఆ వెలుగు చూస్తే ఆఫీసులో అందరికీ భయం.

“మిత్రులారా,” అన్నారాయన. “ఇన్నాళ్లూ మనం స్థూలకాయాన్ని సోమరితనం అనుకున్నాం. తిండిపోతుతనం అనుకున్నాం. అది మన అజ్ఞానం. స్థూలకాయం ఒక వ్యాధి. అందునా దీర్ఘకాలిక వ్యాధి అని నిపుణులు నిర్ధారించియున్నారు.”

వెనక వరసలో కూర్చున్న వీరవేణి తల ఎత్తి చూసింది. తప్పు నీది కాదు అన్న మాట ఒక పెద్దమనిషి నోటి వెంట ఆవిడ పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగితే పమిట చెంగుతో ఒత్తుకుంది.

“దీర్ఘకాలికం అనగానేమి?” సంచాలకుల వారు వేలు పైకెత్తారు. “దీర్ఘకాలంగా అపరిష్కృతంగా పడియున్నది అని అర్థం. అనగా పెండింగు. మన మండలిలో దీర్ఘకాలంగా పెండింగులో ఉన్న సమస్త విషయములనూ మార్చి నెలాఖరులోగా పరిష్కరించి మూసివేయవలసిందిగా సర్క్యులరు ఉన్నది కదా. సదరు సర్క్యులరు స్థూలకాయమునకు కూడా వర్తించును.”

వీరవేణి కళ్లలో నీళ్లు వాటంతటవే ఆరిపోయాయి.

పథకం పేరు ‘భారవిముక్త కార్యాలయం’. మొదట అందర్నీ తూచారు. సిమెంటు బస్తాల తూకం సరిచూడడానికి తెచ్చిన ప్లాట్‌ఫారం కాటా ఒకటి గోడౌన్లో ఉంటే దాన్ని వరండాలోకి లాగించారు. వీరవేణి దాని మీద నిలబడి కళ్లు మూసుకుంది. మూసుకుంటే ఏం, చదివేవాడు బస్తాల లోడింగు దగ్గర చదివి చదివి అలవాటైన గొంతుతో వీధి దాకా వినిపించేలా చదివాడు.

లావుగా ఉన్నవాళ్లకి ‘అధికభార ఉద్యోగులు’ అని పేరొచ్చింది. వాళ్ల వైద్యం ఖర్చు మండలే భరిస్తుందనీ, తగ్గిన బరువును మార్చి నెలాఖరున మండలికి సరెండర్ చేయాలనీ ఉత్తర్వు వచ్చింది. జూనియర్ అసిస్టెంటు సూర్యచంద్రం గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు, నోరు మాత్రం ఊరుకోదు. ఉత్తర్వు చదివి వినిపించిన మీటింగులో చెయ్యెత్తి అడిగాడు.

“లీవు సరెండర్ చేస్తే డబ్బులిస్తారు కదండీ. మరి బరువు సరెండర్ చేస్తే?”

“లీవు ఉద్యోగి సొంతము,” అన్నారు హయగ్రీవరావు గారు. “బరువు మండలి ఖర్చుతో తగ్గించబడుచున్నది. కావున తగ్గిన బరువు మండలి ఆస్తి.”

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు.

*

వీరవేణి డాక్టరు షహనాజ్ దగ్గరికి వెళ్లింది. ఆ గదిలో ఆవిడ మొదట చూసింది కుర్చీని. వెడల్పుగా, చేతుల్లేకుండా ఉంది. ఎక్కడికెళ్లినా కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుని, లేచేటప్పుడు కుర్చీని కూడా వెంట తీసుకెళ్లే భయంతో బతికిన మనిషికి, ఆ కుర్చీని చూడగానే సగం రోగం తగ్గినట్టనిపించింది.

డాక్టరు ఎందుకు పెరిగారని అడగలేదు. “ఇదివరకు ఎన్నిసార్లు తగ్గారు?” అని అడిగింది.

“చాలాసార్లేనండీ. తగ్గడం, మళ్లీ పెరగడం.”

“అంటే మీకు పట్టుదల బాగానే ఉంది. చిక్కేంటంటే, మీ ఒంటికి ఇంకా ఎక్కువ పట్టుదల. మీరు తగ్గగానే దానికి కరువొచ్చిందేమోనని భయం. ఆకలి పెంచేస్తుంది, ఖర్చు తగ్గించేస్తుంది. పాత బరువు వచ్చేదాకా నిద్రపోదు. కొన్ని ఒళ్లు పుట్టుకతోనే అలా తయారవుతాయి.”

“అయితే తప్పు నాది కాదాండీ?”

“తప్పు ఎవరిదీ కాదు. పని మాత్రం మీదీ నాదీ.”

వారానికో ఇంజెక్షను, పళ్లెంలో అన్నం తగ్గించి పప్పూ కూరా గుడ్డూ పెంచడం, సాయంత్రం నడక, వేళకి నిద్ర. ఎన్నాళ్లండీ అని వీరవేణి అడిగింది.

“షుగరుకి ఎన్నాళ్లు వాడతారు? ఇదీ అంతే. నయమైపోయిందని ఆపేసేది కాదమ్మా, అదుపులో పెట్టుకునేది. మందు ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది. ముందే చెబుతున్నాను.”

కొన్ని వారాలు గడిచేసరికి ఒక వింత జరిగింది. వీరవేణి బుర్రలో చిన్నప్పటినుంచీ వెనకాల ఒక రేడియో మోగుతూ ఉండేది. వంటింట్లో ఏముంది, డబ్బాలో ఏం మిగిలింది, మళ్లీ ఎప్పుడు తినచ్చు అని. అది అందరి బుర్రల్లోనూ మోగుతుందనే ఆవిడ అనుకునేది. ఒకనాడు ఎవరో దాన్ని కట్టేశారు. ఆ వరలక్ష్మీ వ్రతం నాడు ఒక పూర్ణం బూరె తిని రెండోది పళ్లెంలో వదిలేసింది. తాతాజీ కంగారుపడి ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

“జొరం లేదే!”

“ఆకలి లేదండీ అంతే.”

“నీకా?” అన్నాడు తాతాజీ. తర్వాత ఆ మాటకి సిగ్గుపడి, మిగిలిన బూరె తనే తినేశాడు.

మోకాళ్ల నొప్పులు సద్దుమణిగాయి. గురక తగ్గింది. షుగరు హద్దు దాటబోయి వెనక్కి తగ్గింది. మార్చి నెలాఖరుకి వీరవేణి ఇరవై కిలోలు తేలికైంది.

*

సరెండర్ ఉత్సవానికి షామియానా వేశారు. కాటాకి బంతిపూల దండ కట్టారు. వీరవేణి తగ్గిన బరువెంతో అంత ఇసుక ఒక బస్తాకెత్తి స్టేజీ మీద పెట్టారు. హయగ్రీవరావు గారు ఆ బస్తా మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. సరెండర్ పత్రం మీద వీరవేణి చేత సంతకం పెట్టించారు, శాలువా కప్పారు.

“ఈ క్షణం నుంచి,” మైకులో ఆయన గొంతు వణికింది, “శ్రీమతి వీరవేణి గారి స్థూలకాయం పరిష్కరించబడి, మూసివేయబడినది!”

చప్పట్లు మోగాయి. మూసివేయబడిన స్థూలకాయంతో వీరవేణి స్టేజీ దిగింది.

ఏప్రిల్లో ఇంజెక్షన్ల బిల్లు తిరిగొచ్చింది. ‘వ్యాధి ముగిసిపోయినందున వ్యయము అనుమతించబడదు’ అని ఎర్ర సిరాతో రాసుంది. ఆ మందు సొంతంగా కొనాలంటే ఇంట్లో నెల సరుకులూ పాలూ గ్యాసూ కలిపినా దానికి సరిపోవు. వీరవేణి డాక్టరు ఉత్తరం పట్టుకుని సంచాలకుల గదిలోకి వెళ్లింది.

ఆయన ఉత్తరం శ్రద్ధగా చదివారు. “దీర్ఘకాలికం అని రాశారు ఆమె. చాలా చక్కగా రాశారు. కాని మనం పరిష్కరించివేశాం కదా. ఇక దీర్ఘమెక్కడిది?”

“మందు ఆపితే తిరిగొస్తదన్నారండీ.”

“రాదు.”

“ఎలాగండీ?”

“మూసివేసిన ఫైలు తిరిగి తెరవవలెనన్న నా సంతకం ఉండవలెను. నేను పెట్టను.”

ఇంజెక్షన్లు ఆగిపోయాయి. ఆయన సంతకం కోసం ఆగకుండానే ఆకలి తిరిగొచ్చింది. మొదట సన్నగా, పక్కింట్లో మోగుతున్నట్టు. తర్వాత అదే పాత రేడియో, అదే పాత గొంతు. వీరవేణి నడక మానలేదు, పళ్లెంలో అన్నం పెంచలేదు. పగలంతా ఆకలితో పోట్లాడి పోట్లాడి సాయంత్రానికి అలిసిపోయేది. అయినా మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు ముందుగా కనిపెట్టాయి. దసరాకి ఆఫీసులో మళ్లీ అందర్నీ తూచారు, ఆవిడ కాటా ఎక్కేసరికి బరువంతా వచ్చేసి ఉంది.

మర్నాడే అభియోగపత్రం అందింది. వీరవేణి దాన్ని ఇంటికి తెచ్చి తాతాజీకి చదివి వినిపించింది.

“మీరు గత మార్చి మాసంలో మండలికి స్వచ్ఛందంగా సరెండర్ చేసిన బరువును, ఎట్టి అనుమతియు లేకుండా తిరిగి స్వాధీనపరచుకొని, సదరు బరువును మీ శరీరమందు ఉంచుకొని, ప్రతిదినమూ కార్యాలయమునకు తెచ్చి తిరిగి ఇంటికి తీసుకొనిపోవుచున్నారు. ప్రభుత్వ ఆస్తిని సొంత అవసరములకు వినియోగించుకొనినందులకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.”

తాతాజీ ఆ కాగితం అందుకుని తనూ ఒకసారి చూశాడు. “రోజూ తీసుకెళ్లేదీ తెచ్చేదీ నా స్కూటరు మీదే కదే. నన్ను కూడా ఇరికిస్తారంటావా?”

వీరవేణి నవ్వబోయి ఏడ్చేసింది. ఇంక్రిమెంటు ఆపేశారు. సస్పెన్షను మాట కూడా వినబడుతోంది. ఆవిడ ఏడ్చింది వాటికి కాదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునే గదిలో ఆడవాళ్లు అన్న మాటకి. “అంత ఖర్చు పెట్టి వైద్యం చేయిస్తే కూడా నోరు కట్టుకోలేకపోయింది” అన్నారు వాళ్లు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, క్యారేజీ విప్పకుండానే వెనక్కి తిరిగింది.

*

విచారణాధికారి ఉప సంచాలకులు దశరథరామయ్య. చెడ్డవాడు కాదు. ఆయనకి నిబంధనలంటే ఇష్టం, మనుషులంటే అయిష్టమేమీ లేదు.

“సరెండర్ చేసిన బరువు మీ వద్దనే ఉన్నదని ఒప్పుకుంటున్నారా?” అని మొదలెట్టాడు.

“ఉంది కదండీ. కనపడతానే ఉంది.”

“అది మండలికి చెందిన బరువేనా, లేక మీరు కొత్తగా సంపాదించుకున్నదా?”

“తేడా ఎలా తెలుస్తదండీ?”

“అదే విచారణాంశం. పాతదైతే అపహరణ కిందకి వస్తుంది. కొత్తదైతే ఆదాయానికి మించిన బరువు కిందకి వస్తుంది. రెండోదానికి శిక్ష ఎక్కువ. ఆలోచించుకుని చెప్పండి.”

వీరవేణి ఆలోచించుకుని పాతదేనంది.

ఈలోగా విచారణ ఇంకో వైపు కూడా పాకింది. ఆఫీసులో వీరవేణి తగ్గిన నెలల్లోనే సూర్యచంద్రం లావయ్యాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. అతనికి ఆ మధ్యే పెళ్లయింది. అత్తారు ఆత్రేయపురం వాళ్లు, వచ్చినప్పుడల్లా పూతరేకులు తెస్తారు. దశరథరామయ్య అతన్ని పిలిపించి, సదరు బరువు వీరవేణి గారి నుంచి ఏ మార్గమున బదిలీ అయినదో చెప్పమన్నాడు. సూర్యచంద్రం మొదటిసారి నోరు పడిపోయి, తన బరువంతా అత్తగారి స్వార్జితమని స్టాంపు కాగితం మీద రాసిచ్చి బయటపడ్డాడు.

రెండోనాటి విచారణ మధ్యలో దశరథరామయ్య గడియారం చూసుకుని, జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నాడు. వీరవేణి మంచినీళ్ల గ్లాసు అందించింది.

“బీపీకాండీ?”

“అవును.”

“ఎంతుందండీ ఇప్పుడు?”

“నార్మలే.”

“నార్మలైతే మాత్ర ఎందుకండీ?”

“ఇదేం ప్రశ్నమ్మా? మాత్ర వేసుకుంటున్నాను కాబట్టే నార్మల్!”

గదిలో టైపు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది. దశరథరామయ్య గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“నాది వంశపారంపర్యం. మా నాన్నగారికీ ఉండేది. మీది స్వయంకృతం. రెండూ ఒకటి కావు.”

“మాదీ వంశమేనండీ బాబూ.”

“ఆధారం?”

“అమ్మ పోయిందండీ. మా పెద్దమ్మా, పిన్నులూ ఉన్నారు.”

“ప్రవేశపెట్టండి,” అన్నాడాయన.

*

బుల్లెమ్మ పెద్దమ్మా, ఇద్దరు పిన్నులూ లంక ఊరి నుంచి ఆటోలో దిగారు. పేరు పెట్టిన రోజున బుల్లెమ్మ నిజంగానే బుల్లిదేనట. ముగ్గురూ దిగాక ఆటో జానెడు పైకి లేచింది. ఆఫీసు వాళ్లంతా కిటికీల్లోంచి చూశారు. బుల్లెమ్మ వాళ్ల వంక చూసి, “ఏం బాబూ, ఎప్పుడూ ఆడమనుషుల్ని చూళ్లేదా?” అంది. కిటికీలు ఖాళీ అయ్యాయి.

విచారణ గదిలో ఉన్న కుర్చీలకి చేతులున్నాయి. బుల్లెమ్మ వాటిని ఎగాదిగా చూసి, బెంచీ తెప్పించింది.

“ఎవరయ్యా మా పిల్ల దొంగతనం చేసిందన్నది?”

“అమ్మా, దొంగతనం అనలేదు. ప్రభుత్వ ఆస్తిని అనధికారికంగా...”

“ఏ ఆస్తీ? ఇదేనా?” బుల్లెమ్మ వీరవేణి భుజం మీద చరిచింది. “ఇది మా అమ్మ ఒళ్లయ్యా. మా అమ్మకి వాళ్లమ్మ దగ్గర్నించొచ్చింది. పెద్దల నాటి ఆస్తి ఇది. వాటాలేసుకుని ఉన్నాం, చూడు, ముగ్గురం. నువ్వెవరివి సరెండర్ చేయించుకోడానికి?”

కొబ్బరితోట వాటా కోసం పాతికేళ్లు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి ఆవిడ. దశరథరామయ్య కలం ఆగింది.

“అనగా ఇది ఉమ్మడి ఆస్తి అంటారు?”

“మరి! ఉమ్మడి ఆస్తిని ఒక్కరు రాసిచ్చేస్తే చెల్లుద్దేంటి? ఆ కాయితం మీద నా సంతకం ఉందా? దీని సంతకం ఉందా?” పిన్నులిద్దరూ లేదు లేదని తలూపారు.

దశరథరామయ్య తాను వచ్చిన పనేమిటో మర్చిపోయి ఆ న్యాయసూత్రంలో మునిగిపోయాడు. వారసులందరి సమ్మతి లేని సరెండర్ చెల్లుతుందా? చెల్లనిచో ఉత్సవం చెల్లుతుందా? శాలువా వెనక్కి తీసుకోవాలా? చివరికి తల ఎత్తి, “వీరి తల్లిగారు కూడా ఇట్లే ఉండేవారా? ఆమె దేనివల్ల పోయారు?” అని అడిగాడు.

బుల్లెమ్మ గొంతు తగ్గింది.

“షుగరు, బాబూ. కాలికి పుండు పడింది. మా చెల్లెలు ఒక్కసారే వెళ్లింది ఆస్పత్రికి. ఆ డాక్టరు దాన్ని చూసి, ముందు తిండి తగ్గించి రా, తర్వాత చూస్తానని నవ్వాడంట. పక్కనున్నోళ్లూ నవ్వారంట. మళ్లీ ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. పుండు మాకు కూడా చూపించలేదు. వాసనొచ్చాక తెలిసింది మాకు.” ఆవిడ పిన్నుల వంక చూసింది. “నిజం చెప్పొద్దూ, అది మాకంటే తక్కువ తినేది.”

వీరవేణి తల వంచుకుంది. అమ్మ పుండు సంగతి ఆవిడకి తెలుసు. నవ్విన సంగతి తెలీదు.

దశరథరామయ్య కాగితం మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. కొట్టేసిందేమిటో ఎవరికీ చూపించలేదు. ఆ రోజు విచారణ తొందరగా ముగించేశాడు. ఆటో దాకా తనే వచ్చి ముగ్గుర్నీ ఎక్కించాడు.

*

నెల తిరక్కుండా హయగ్రీవరావు గారి సంతకంతో తీర్పు వచ్చింది.

“సదరు బరువు మండలిదా, కుటుంబమునకు చెందినదా అనునది న్యాయపరముగా తేలవలసియున్నది. అది తేలువరకు వీరవేణి గారిని సదరు ఆస్తికి సంరక్షకురాలిగా నియమించడమైనది. ఆస్తిని జాగ్రత్తగా కాపాడవలెను. ఏడాదికొకసారి తనిఖీ జరుగును. మండలి సామగ్రిని సొంత ఆవరణలో నిల్వ ఉంచుకొనువారికి చెల్లించు సంరక్షణ భత్యం ఈమెకును నెలనెలా చెల్లించబడును.”

ఇంక్రిమెంటు వదిలేశారు. అభియోగం అటకెక్కింది. వీరవేణి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చదివింది. గోడౌను అద్దె లెక్కన కట్టిన భత్యం కాబట్టి బాగానే ఉంది. ఇంచుమించు ఇంజెక్షన్ల ఖరీదంత ఉంది.

డాక్టరు షహనాజ్ ఆ తీర్పు చదివి, కళ్లద్దాలు తీసేసి నవ్వింది. నవ్వాక భయపడింది. “జాగ్రత్తగా కాపాడమన్నారు కదమ్మా. తగ్గితే మళ్లీ కేసు పెట్టరూ?”

“కాపాడమన్నది దేన్నండీ? ఒంటి మీదున్న బరువుని. ఒళ్లుంటేనే కదండీ అది ఉండేది. ముందు ఒంటిని కాపాడదాం.” వీరవేణి చేతుల్లేని కుర్చీలో వెనక్కి జారబడింది. “మా అమ్మలా పోతే ప్రభుత్వానికి చాలా నష్టమండీ.”

మళ్లీ ఇంజెక్షను మొదలైంది. ఈసారి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎవరి మెప్పుకోసమూ ఎదురుచూడలేదు. కొన్ని నెలలు తగ్గింది, మధ్యలో పెద్ద పిన్ని మనవడి పెళ్లికి కాస్త పెరిగింది, బెంబేలు పడకుండా డాక్టరు దగ్గరికెళ్లి మందు మోతాదు మార్పించుకుంది, మళ్లీ తగ్గింది. క్యారేజీల గదిలో తన చోట తను కూర్చుని తింది. ఎవరో “మళ్లీ తగ్గినట్టున్నారే” అంటే, “అవును, మళ్లీ పెరగొచ్చు కూడా. ఇది నాకున్న జబ్బు, కనిపెట్టుకుని ఉండాలి” అంది. ఆ జవాబు విని వాళ్లు పచ్చడి ఆవిడ వైపు జరిపారు.

ఏడాది తిరిగేసరికి దశరథరామయ్య ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని ఆస్తి తనిఖీకి వచ్చాడు. వీరవేణి కాటా ఎక్కింది. కళ్లు మూసుకోలేదు. చదివేవాడు చదివాడు. దశరథరామయ్య తన కాగితంలో చూసుకుని, మళ్లీ ఎక్కమన్నాడు. మళ్లీ అంతే.

“ఆస్తి తక్కువున్నది!”

“అవునండీ.”

“పదిహేను కిలోలు లేవు. ఏమైనట్టు?”

“తరుగండీ,” అంది వీరవేణి.

“తరుగా?”

“చింతపండు నిలవుంచితే తరుగుంటదని మనమే ఒప్పుకుంటాం కదండీ. మిరపకాయలకి ఉంది, ధాన్యానికి ఉంది. మరి నాకు లేదాండీ?”

నిబంధన నిజమే. దశరథరామయ్య దాన్ని కాదనలేకపోయాడు. అయినా అనుమానం తీరలేదు. “ఉంది. ఒప్పుకుంటాను. కాని మరీ ఇంత తరుగా?”

“ప్రభుత్వ ఆస్తి కదండీ,” అంది వీరవేణి చాలా వినయంగా. “ఎక్కడైనా పూర్తిగా మిగిలిందాండీ?”

వెంట వచ్చిన ఇద్దరూ గోడకేసి తిరిగి దగ్గారు. దశరథరామయ్య కాటా వంక చూశాడు, తర్వాత వీరవేణి వంక చూశాడు. ఆయన పెదవి ఒక పక్క కొంచెం కదిలింది. కలం తీసి అక్కడే నిలబడి నివేదిక రాశాడు.

“తనిఖీ చేయడమైనది. సదరు ఆస్తి దాని స్వభావము రీత్యా తరుగుటకును, పెరుగుటకును అవకాశము కలది. ఏ మార్చి మాసమునందైనను దీనిని మూసివేయుట అసాధ్యము. కావున సంరక్షణ నిరంతరాయముగా, సంరక్షకురాలి ఉద్యోగ విరమణ అనంతరము కూడా కొనసాగించవలెను. ఆమె చూపుచున్న శ్రద్ధ దృష్ట్యా సంరక్షణ భత్యము పెంచవచ్చును.”

హయగ్రీవరావు గారు దాని మీద చదవకుండానే సంతకం పెట్టేశారు. ఆయన ముందు రోజే మరో శిక్షణ నుంచి తిరిగొచ్చారు. గురక కూడా దీర్ఘకాలికమేనని అక్కడ చెప్పారట. సిబ్బంది ఎవరెవరు ఎంత పెద్దగా గురకపెడుతున్నారో కొలిచే పనిలో ఆయనకి ఊపిరి సలపడం లేదు.

సాయంత్రం ఆఫీసు వదిలాక వీరవేణి పెంచిన భత్యం ఉత్తర్వు సంచిలో పెట్టుకుని గేటు బయటికొచ్చింది. తాతాజీ స్కూటరు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆవిడ వెనక ఎక్కి కూర్చుంది.

“దారిలో మందుల షాపు దగ్గర ఆపండి.”

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“బ్రహ్మాండంగా ఉంది,” అంది వీరవేణి. “ప్రభుత్వ ఆస్తికి మందు కొనాలి.”